మా కీపర్ బొటనవేలు

పోయిన నెల పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. మా కాలేజీ పాత విద్యార్థుల సమ్మేళనం కోసం వేసిన జ్ఞాపిక అది. నిగనిగలాడే కాగితం. ముందు పేజీల్లో పెద్దల ఫొటోలు, వెనక పేజీల్లో సిమెంటు, విత్తనాల దుకాణాల ప్రకటనలు. మధ్యలో ఒక పేజీ మా ఫుట్‌బాల్ జట్టుకు ఇచ్చారు. మాసిపోయిన ఫొటోలో పదకొండు మందిమి ఉన్నాం. నడుమ నేను బంతి మీద కాలు పెట్టి నిలబడ్డాను. కెప్టెన్ని కదా.

ఫొటో కింద వ్యాసం రాసినవాడు అప్పట్లో మా జట్టులో బ్యాక్ ఆడేవాడు, ఇప్పుడు గద్వాలలో వకీలు. చెయ్యి తిరిగినవాడు, చదివిస్తాడు. చివర్లో ఈ మాట రాశాడు: "ఫైనల్లో మా కీపర్‌కు కప్పు కన్నా చుట్టరికం ఎక్కువైంది. ఖాలా కొడుకు కొట్టిన బంతి కదా, ముద్దుగా దారి ఇచ్చేశాడు." పక్కన నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి అచ్చువేశారు.

పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ పరుగున వచ్చి "ఏంది, బల్లిపడ్డదా?" అంది. అవునన్నాను. ఇన్నేళ్ళ సంసారంలో ఆమెకు కూడా చెప్పని సంగతి అది.

వకీలు మీద కోపం ఉంది. దాచుకోను. కానీ ఆ మాట వాడి సొంతం కాదు. ఆ మాట పుట్టినప్పుడు దాన్ని ఒక్క ముక్కతో చంపగలిగినవాణ్ని నేనొక్కణ్నే. చంపలేదు. అది పెరిగి పెద్దదై అచ్చులోకి వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. తన పేరు రాయొద్దని మా కీపర్ అన్నాడు. అతని పేరు లేనిచోట మిగతావాళ్ళ పేర్లకు పని లేదు.

అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే జిల్లా. గద్వాలలో మా కాలేజీ వెనక గ్రౌండ్ అని పిలుచుకునే ఎర్రమట్టి చెలక ఉండేది. సగం రాళ్ళు, సగం పల్లేరుకాయలు. నీలగిరి కర్రలు పాతి గోల్‌పోస్టులు చేసుకున్నాం. సాయంత్రం మేకల మంద గ్రౌండ్‌కు అడ్డంగా పోయేదాకా ఆట ఆపి నిలబడేవాళ్ళం. ఇప్పుడు అక్కడ ప్లాట్లు. హద్దురాళ్ళకు పసుపురంగు వేశారు.

ఆ చెలకను గ్రౌండ్ చేసింది మా డ్రిల్లు సారు. మా వైపు బదిలీ మీద వచ్చిన సార్లందరూ వచ్చిన రోజు నుంచే తిరిగిపోయే దారి వెతుక్కునేవాళ్ళు. ఈయన వచ్చిన వారానికే మా చేత రాళ్ళు ఏరించారు. మెడలో బూటు లేసుకు కట్టిన విజిల్, జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. పది చుట్లు ఉరికితే గుప్పెడు పల్లీలు, చిన్న బెల్లంముక్క ఇచ్చేవారు. ఒకసారి చుట్లు తప్పించుకుందామని ఆయన విజిల్ దాచేశాం. ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసిన ఈలకు పక్కచేలో ఎద్దులు బెదిరి గొర్రుతో సహా పరుగెత్తాయి. ఆ రోజు ఇరవై చుట్లు తిరిగాం. పల్లీలు మాత్రం ఎద్దుల రైతుకు పోయాయి.

జట్టును ఎంచుకునే రోజు సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి "చేతులు చూపియ్యున్రి" అన్నారు. కాళ్ళతో ఆడే ఆటకు చేతులెందుకని వకీలు కిసుక్కున నవ్వాడు. సారు ఒక్కొక్క చెయ్యి తిప్పిచూస్తూ వడ్డేపల్లి నుంచి వచ్చే ఒక బక్కపల్చటి పిలగాడి దగ్గర ఆగారు. వాడి వేళ్ళు పొడుగు. బొటనవేలి గోరు ఆకుపచ్చగా, గిట్టలాగా గట్టిపడి ఉంది.

"ఏం పని చేస్తవురా?"

"క్రాసింగ్ సార్."

"ఏం క్రాసింగ్? రైల్వే క్రాసింగా?"

అందరం గొల్లుమన్నాం. వాడు నవ్వలేదు. సారు జేబులోంచి పెన్ను తీసుకుని, క్యాపును మొగ్గలాగా పట్టుకుని చూపించాడు. "సీడు పత్తి సార్. పగటాల ఆడచెట్టు మొగ్గను గిట్ల గోరుతోటి చీరాలె. ఒక్క తిప్పు తిప్పితే రెక్కలు, లోపలి పుప్పొడి మొత్తం ఊడి రావాలె. నడుమ కాడ ఇరగొద్దు. తెల్లారి మగచెట్టు పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలె. అప్పుడు కాయ పడతది."

"ఒక్కటి మర్చిపోతే?"

"అది తనంతల తానే కాయ కడతది సార్. ఇత్తనం ఖరాబైతది. కంపెనీ ఆయన వచ్చి చూస్తే చేను మొత్తం వద్దంటడు."

సారు వాడి చెయ్యి వదల్లేదు. "కాడ ఇరగకుంట మొగ్గ ఒలిచేటోనికి బాల్ పట్టుడెంత పని? నువ్వు కీపర్‌వి" అన్నారు.

అట్లా మాకు కీపర్ దొరికాడు. వాళ్ళ నాయన వడ్డేపల్లిలో సైకిళ్ళు బాగుచేసేవాడు. మా బంతి పల్లేరుకాయలకు వారానికోసారి పంచరయ్యేది. కీపర్ దాన్ని సంచీలో వేసుకుపోతే వాళ్ళ నాయన లోపలి బ్లాడర్‌కు అతుకు వేసి పంపేవాడు. మరునాడు ప్రాక్టీసులో బంతి తలకు తగిలినప్పుడల్లా సొల్యూషన్ వాసన వచ్చేది. ఇప్పటికీ సైకిల్ దుకాణం ముందు నుంచి పోతే ఆ వాసనకు నా నుదురు చురుక్కుమంటుంది.

ఆ యేడు మేం ఓడిపోవడం మరిచిపోయాం. వనపర్తిలో ఆడిన సెమీఫైనల్ నాకు బాగా గుర్తు. మాది అరిగిపోయిన బూట్లు, వాళ్ళవి కొత్తవి. మధ్యాహ్నం దాకా మా గోలు మీద వాన కురిసినట్టు కొట్టారు. ఒక్కటీ లోపలికి పోలేదు. చివర్లో నేనొక గోలు కొట్టాను. వార్త నా గోలు గురించే అయింది. వచ్చేటప్పుడు ఆత్మకూరులో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, నూనె కారుతున్న కాగితాలతో బస్సెక్కాం. కండక్టరు "ఏందిరా, పెండ్లికి వోయొచ్చిన్రా?" అన్నాడు. సారు కిటికీ పక్కన కూర్చుని కీపర్‌ను పిలిచి తన బజ్జీ వాడి చేతిలో పెట్టారు.

"జిల్లా టీమ్‌కు నీ పేరు పంపుతున్న. ఫైనల్ అయిపోనియ్. అండ్లకెల్లి డ్రిల్లు మాస్టర్ ట్రైనింగ్‌కు సీటు వస్తది. ఏమంటవ్?"

వాడు బజ్జీ తినలేదు. చేతిలో పట్టుకునే ఉన్నాడు. "నేను సారునైతనా సార్?" అన్నాడు.

"ఎందుకు గావు? నేను గాలేదా?"

వాడికి కావలసింది అదొక్కటే. గ్రౌండు, విజిలు, వెనకాల ఉరికే పిల్లలు. ఆ తర్వాత వాడి మాటల్లో ఇంకొకటి వినలేదు నేను.

ఫైనల్ నాగర్‌కర్నూల్లో. పది రోజుల ముందు సారు మమ్మల్ని కూర్చోబెట్టి షరతు పెట్టారు. "ఆట అయ్యేదాంక ఎవ్వడు చేనుకు వోవద్దు. మందు కొట్టొద్దు, మూట ఎత్తొద్దు, మొగ్గ ముట్టొద్దు. పోయినట్టు నాకు తెలిసిందనుకో, వాడు కెప్టెనైనా సరే, టీమ్‌ల ఉండడు." మొగ్గ ముట్టొద్దు అన్నప్పుడు ఆయన కీపర్ చేతుల వైపు చూశారు. కెప్టెనైనా సరే అన్నప్పుడు నా వైపు చూశారు. ఎందుకంటే మాది సీడు పత్తి చేను. క్రాసింగ్ రోజుల్లో మా ఇంట్లో చేతులున్న ప్రతి మనిషీ చేన్లోనే ఉండాలి.

ఫైనల్‌కు నాలుగు రోజులుందనగా కూలీలు వచ్చే ఊళ్ళో ఒక పెద్దమనిషి చనిపోయాడు. మూడు రోజుల దాకా ఎవరూ రారని కబురొచ్చింది. మా నాయన తెల్లబోయాడు. మొగ్గలు చావు కోసం ఆగవు. ఆ పూట ఒలవకపోతే పొద్దున విచ్చుకుంటాయి. నేను ప్రాక్టీసుకు పోతానంటే ఆయన తలపాగా తీసి నేలకు కొట్టాడు.

"బాలాట ఆడితే మొగ్గలు ఆగుతయారా? చేను మొత్తం కల్తీ అయితుంటే నువ్వు కప్పు తెస్తవా? కప్పుల ఏం వోసుకుని తాగుదం?"

"నాలుగు రోజుల్లో ఫైనల్ ఉంది నాయనా."

"మొగ్గల పని ఒడువనియ్. తర్వాత నాగర్‌కర్నూల్ వోతవో, బొంబాయి వోతవో నీ ఇష్టం. ఒడువకుంటే ఇంట్లకెల్లి కాలు బయట పెట్టనియ్య."

పెట్టనియ్యడు అంటే పెట్టనియ్యడు. నాకు ఒకటే దారి కనిపించింది. మర్నాడు జట్టులో ఐదుగురిని పక్కకు పిలిచి మా చేనుకు రమ్మన్నాను. సారుకు తెలియకుండా మూడు పగళ్ళు. కెప్టెన్ లేకుంటే ఫైనల్ ఎట్ల అని వాళ్ళకూ భయం. వకీలు ఒప్పుకున్నాడు. మరో ముగ్గురు ఒప్పుకున్నారు. కీపర్ ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

"సార్ వద్దన్నడు కెప్టెన్. నన్ను చూసి మరీ చెప్పిండు."

"నువ్వు రాకుంటే కాదురా. వీళ్ళకు మొగ్గ పట్టుడే రాదు. నువ్వొక్కనివి పదిమంది పని చేస్తవ్."

"నా గోరు మెత్తగైంది. ఆట మొదలైనకాన్నుంచి ముట్టలే."

"మూడు దినాలే. నేను ఆడకుంటే నువ్వు ఆడి ఏం లాభం?"

ఆ చివరి మాట అన్నప్పుడు నా గొంతులో బతిమాలడం లేదు, కెప్టెన్ ఉన్నాడు. వాడు వచ్చాడు.

ఆ మూడు పగళ్ళు నాకు ముక్కులో ఇంకా ఉన్నాయి. పత్తి ఆకు వెచ్చటి పచ్చి వాసన, దాని మీద ముందురోజు కొట్టిన మందు ఘాటు. చెమట కళ్ళలోకి పోతే తుడుచుకోవడానికి లేదు, చేతులనిండా మందే. మధ్యాహ్నం అమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చేది. చేతులు ఎంత రుద్ది కడిగినా రొట్టెకు మందు వాసన అంటేది. వకీలు ఒక్క సాలు చివరిదాకా పోకముందే సగం కాడలు విరిచేశాడు. నాయన వాడి వెనకనే నడుస్తూ "నువ్వు ఒలుస్తున్నవా, గొంతులు పిసుకుతున్నవా?" అని తిట్టాడు. మిగతా ముగ్గురు మగపూలు చెవుల్లో పెట్టుకుని పెళ్ళిచూపుల ఆట ఆడారు. నేను వాళ్ళతో నవ్వాను.

కీపర్ తల ఎత్తలేదు. టక్, తిప్పు. టక్, తిప్పు. తన సాలు అయిపోతే మా సాళ్ళల్లోకి వచ్చేవాడు. మేం వదిలేసిన మొగ్గలన్నీ వెతికి ఒలిచేవాడు. రెండో రోజు సాయంత్రం వాడి బొటనవేలి గోరు మొదట్లో నెత్తురు గీత కనిపించింది. మా నాయన చూసి గుడ్డపీలిక చుట్టుకొమ్మన్నాడు. మూడో రోజు ఆ పీలిక మీదనుంచే పని చేశాడు. గోరు సగం లేచింది. కిందికి మందు దిగింది.

పొద్దుగూకే వేళకు చేను పూర్తయింది. నాయన వాడి వీపు తట్టి "నీలాంటి కొడుకు ఉంటే చాలు" అన్నాడు. నాకు ఆ మాటకు కోపం వచ్చింది. అది కూడా రాసేస్తున్నాను.

ఫైనల్ రోజు పొద్దున నాగర్‌కర్నూల్ గ్రౌండ్‌లో బట్టలు మార్చుకుంటుంటే కీపర్ నన్ను గోడ చాటుకు పిలిచి పీలిక విప్పాడు. వేలు సొరకాయ పిందెలా ఉబ్బి ఉంది. గోరు పక్కన చీము. వంచబోతే వంగలేదు.

"పని చేస్తలేదు కెప్టెన్. సార్‌కు చెప్త. ఇంకోన్ని దింపమంట."

"చెప్తే ఎట్లయిందని అడుగుతడు."

"నిజం చెప్త."

"చెప్తే నేనుండ. చేనుకు వచ్చినోళ్ళం ఆరుగురం ఉండం. టీమే ఉండదు. మరి నీ సెలెక్షన్ ఉంటదా?"

వాడు వేలు చూసుకుంటూ నిలబడ్డాడు.

"బాల్ పట్టకు. గుద్దు. వచ్చిన బాల్‌నల్ల పిడికిలితోటి గుద్దు. సార్ అడిగితే వేలు తలుపు సందుల పడ్డదని చెప్పు. చేను సంగతి ఎన్నడూ ఎవ్వరికి చెప్పనని మాటియ్యి."

వాడు ఎడమ చెయ్యి నా చేతిలో పెట్టాడు. కుడిచెయ్యి పెట్టలేక.

ఆ ఊళ్ళోనే వాడి ఖాలా, అంటే తల్లికి అక్క, ఉండేది. ఆమె కొడుకు మాకు ఎదురాడే జట్టులో ముందు వరస ఆటగాడు. ఆటకు ముందు ఆమె నెత్తిమీద గిన్నె పెట్టుకుని వచ్చింది. బగారా అన్నం, దాల్చా. ఇద్దరు పిల్లలకే తెచ్చిందనుకున్నాం. ఆమె మా అందర్నీ పిలిచి చాప పరిచింది. "మా చెల్లెకొడుకు దోస్తులు నా కొడుకులు కారా? తినున్రి, తినున్రి" అంటూ వడ్డించింది. సారు "కడుపునిండ తింటే ఉరకలేరు" అని మొత్తుకుంటున్నా వినలేదు. అందరికన్నా ఎక్కువ తిన్నది వకీలు. దాల్చాలో సొరకాయముక్క కోసం గిన్నె వంచి మరీ వెతికాడు. కీపర్ ఎడమచేత్తో తింటుంటే ఆమె "ఏందిది బేటా?" అంది. వాడు "తలుపు సందుల పడ్డది" అన్నాడు. మొదటి అబద్ధం అన్నం పెట్టిన ఖాలాకే చెప్పాడు, నాకోసం.

ఆట మొదలైంది. వచ్చిన బంతినల్లా వాడు గుద్దాడు. సారు గీత అవతల నుంచి "పట్టుకోరా! గుద్దుతవేంది?" అని అరుస్తూనే ఉన్నారు. వాడు నా వైపు చూసేవాడు. నేను చూపు తిప్పుకునేవాణ్ని. చివరికి వచ్చేదాకా రెండు వైపులా గోలు లేదు.

ఇక కొద్దిసేపే ఉంది. ఖాలా కొడుకు దూరం నుంచి ఒక దెబ్బ కొట్టాడు. బలమైంది కాదు. నేల మీద దొర్లుకుంటూ వస్తోంది. నేను వెనక్కి పరుగెత్తుతున్నాను, నా పక్కన వకీలు. కీపర్ దాన్ని కాలితో తన్నడానికి కుడికాలు వెనక్కి తీశాడు. నాకు బాగా కనిపించింది. తన్నితే బంతి గ్రౌండ్ అవతల పడేది. నేను గొంతు చించుకుని అరిచాను.

"పట్టు! పట్టు! తన్నకు, పట్టు!"

బంతి వాడి చేతిలో ఉంటే కొంచెం సమయం గడుస్తుందని నా ఆలోచన. వేలి సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. అంత మాత్రమే నాకు దాని మీద పట్టింపు. కెప్టెన్ గొంతు వినగానే వాడు కాలు దించి, వంగి, రెండు చేతులూ చాచాడు. బంతి చేతుల్లోకి వచ్చింది. కుడి బొటనవేలు నిలవలేదు. బంతి సందులోంచి జారి, మోకాలికి తగిలి, మెల్లగా గీత దాటింది. వాడు కుడిచేతిని ఎడమ చంకలో పెట్టుకుని ముందుకు వంగిపోయాడు.

ఖాలా కొడుకు సంబరం చేసుకోకుండా వీడి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అది అందరూ చూశారు. అంతే చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాట మొదలైంది. ఎవడన్నాడో ఇప్పటికీ నాకు తెలుసు. "వాళ్ళు వాళ్ళు ఒకటేరా. పొద్దుగాల కలిసి తినలేదా?" అన్నాడు. ఆ తిండి మేమూ తిన్నాం. మా చేతులకు ఆ నెయ్యి వాసన ఇంకా పోలేదు. చేనుకు వచ్చినవాళ్ళలో కీపర్ పోను మిగిలిన ఐదుగురం సీట్లలో కూర్చుని కిటికీల్లోంచి బయటికి చూశాం. మా ఐదుగురి నోళ్ళకూ ఒకటే తాళం. కీపర్ బస్సు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని గద్వాల దాకా నిలబడే వచ్చాడు. కమ్మీని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

మరునాడు సారు అందరి ముందు వాణ్ని నిలబెట్టి చెయ్యి చూశారు. ఆయన ముఖం మారింది.

"ఎట్లయింది?"

"తలుపు సందుల పడ్డది సార్."

"ఎన్నడు?"

వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"ఆటకు ముందటనా, తర్వాతనా?"

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. వాడు నా వైపు చూడలేదు. చూస్తే నన్ను పట్టించినట్టవుతుందని చూడలేదు. సారు వాడి చెయ్యి వదిలేశారు. ముందు దెబ్బ తగిలితే చెప్పేవాడు కదా, ఓడిపోయాక సాకు చెప్తున్నాడు అనుకున్నారు. ఆయన తప్పు కాదు. ఆయనకు మేం అందించిన అబద్ధం అట్లాంటిది. జిల్లా జట్టుకు పంపిన కాగితంలో మా కాలేజీ నుంచి ఒక్కటే పేరు పోయింది. నా పేరు.

వారం తర్వాత వాడి నాయన వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, నెత్తిన టోపీ, చంకలో గుడ్డసంచీ. కొడుకు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆయన ఆఫీసు గదిలోకి పోయి సంచీలోంచి మా పాత బంతి తీసి సారు బల్ల మీద పెట్టాడు. పంచరు వేసి, తోలుకు నూనె పట్టించి తెచ్చాడు.

"మావోడు తప్పు చేసిండంటున్రు సార్. నాకు వాని ఆట తెల్వది, మీ కప్పు తెల్వది. కాని నా ఇంట్ల గిట్లాంటి పని ఎవ్వరు చెయ్యలే. మాఫ్ చెయ్యున్రి. ఆ కాగితంల పేరు మళ్ళ రాయున్రి."

"కాగితం పోయింది పెద్దాయనా" అన్నారు సారు.

"పిలగాడు సారునైత అంటుండె."

సారు బంతిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టారు. కీపర్ ఆ నెలలోనే కాలేజీ మానేశాడు. నేను జిల్లా జట్టుకు ఆడాను. ఆ సర్టిఫికెట్ మీద ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు తింటున్న అన్నం ఆ కాగితానిదే.

సమ్మేళనానికి పోయాను. డ్రిల్లు సారు లేరు, చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు నిజం చెప్పే గడువు అట్లా దాటిపోయింది. వేదిక మీద నాకు మైకు ఇచ్చారు. నేను జ్ఞాపిక తెరిచి ఆ వాక్యం చదివి, ఇది అబద్ధం అన్నాను. చేను సంగతి చెప్పాను. వేలు సంగతి చెప్పాను. "పట్టు పట్టు" అని అరిచింది నేనని చెప్పాను.

అప్పుడు వకీలు లేచాడు. నా చేను తొక్కినవాడు, నా అరుపు నా పక్కనే ఉండి విన్నవాడు. మైకు అందుకుని గట్టిగా అన్నాడు: "చూసిన్రా! మన కెప్టెన్ ఎన్నడైనా గింతే. పక్కోని తప్పు కూడా తన నెత్తిన వేసుకుంటడు! గీ పెద్ద మనసు ఎవ్వనికుంటది?"

చప్పట్లు. నిలబడి మరీ కొట్టారు. నేను వద్దు వద్దంటుంటే శాలువా కప్పారు. నేను దాన్ని తీసి కుర్చీలో పడేస్తే అది కూడా వినయం కింద జమ వేశారు. భోజనాల దగ్గర ఒకడు నా చెవిలో "ఇంకా ఎన్నాళ్ళు వాన్ని వెనకేసుకొస్తవన్నా" అన్నాడు. ఆకు ముందు నుంచి లేచి వచ్చేశాను. అబద్ధం వాళ్ళకు ఎంత అలవాటైందంటే నిజం చెప్పినవాణ్ని కూడా దానికే వాడుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా వడ్డేపల్లి పోయాను. సైకిల్ దుకాణం ఉన్నచోటే కీపర్ ఇప్పుడు బోరు మోటార్లు బాగుచేస్తున్నాడు. రాగి తీగ చుడుతూ ఉన్నాడు. కుడి బొటనవేలికి గోరు లేదు. తీగను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, చుట్టడం ఆపకుండానే స్టూలు చూపించాడు.

"ఏంది కెప్టెన్, నెత్తిమీద గడ్డి మొత్తం మేకలు మేసిపోయినయా?"

హాల్లో ఏం చెప్పానో చెప్పాను. విన్నాడు. తీగ చుట్లు లెక్క తప్పకుండా పెదవులు కదుపుతూనే విన్నాడు.

"ఏమన్నరు?"

"చప్పట్లు కొట్టిన్రు."

చెయ్యి ఆగింది. తీగను మేకుకు చుట్టి నా వైపు తిరిగాడు.

"మా అబ్బ కాలేజీకి వచ్చిన దినం యాదికున్నదా?"

"ఉంది."

"సార్ రూంలకెల్లి బయటికొచ్చినంక వరండాల నువ్వుంటివి. కెప్టెన్వని నీకు సుత చేతులు జోడిచ్చిండు. 'మావోన్ని మాఫ్ చెయ్యి బేటా' అన్నడు. నేను గేటుకాడికెల్లి చూస్తున్న. నువ్వేమన్నవ్?"

నేను స్టూలు మీద నుంచి లేవబోయాను.

"చెప్పు కెప్టెన్. మా అబ్బ పోయి తొమ్మిదేండ్లు. వినడు. నాకు చెప్పు."

"పర్వాలేదు చాచా, పోనీలే అన్న."

"ఊఁ. హాల్ల అది చెప్పినవా?"

"లేదు."

"అందుకే చప్పట్లు కొట్టిన్రు" అని మళ్ళీ తీగ అందుకున్నాడు.

లేచేటప్పుడు ఇదంతా రాస్తానని చెప్పాను. "రాయి. నా పేరు రాయకు. మా అబ్బ అడిగింది, నువ్వన్నది మాత్రం రాయి" అన్నాడు.

రాశాను. తప్పు చేయని కొడుకు తరఫున ఒక తండ్రి బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి, వాళ్ళ అబ్బాయిని ఆ స్థితికి తెచ్చిన నాకే చేతులు జోడించాడు. నేను ఆ చేతుల వైపు చూసి, పెద్దమనిషిలా తలాడించి, ఆయన కొడుకును మాఫ్ చేశాను.

చప్పట్లు కొట్టినవాళ్ళు ఇప్పుడు కొట్టండి.